ఊండెడ్ నీ పతకాలపై అమెరికా యుద్ధశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పీట్ హెగ్సెత్ గారికి,

1890 డిసెంబరు 29న దక్షిణ డకోటాలోని ఊండెడ్ నీ వాగు దగ్గర అమెరికా ఆదివాసులైన లకోటా ప్రజలపై కాల్పులు జరిపిన దళానికి చెందిన సైనికులకు ఇచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్‌లను, అంటే అమెరికా సైన్యపు అత్యున్నత శౌర్య పతకాలను, వెనక్కి తీసుకునేది లేదని 2025 సెప్టెంబరులో మంత్రివర్యులు ప్రకటించారు. నిర్ణయం అంతిమమనీ, ఆ సైనికులకు దేశ చరిత్రలో ఉన్న స్థానం ఇక చర్చకు రాదనీ కూడా అన్నారు. పతకాలను ఉంచడం ఒక గాయమైతే, హతుల వారసులు తరతరాలుగా కోరుతున్న విచారణను చర్చకే తగనిదిగా తేల్చడం అంతకంటే లోతైన గాయం.

ఆనాటి సంగతులు శాఖకు తెలియనివి కావు. సైన్యం బిగ్ ఫుట్ అని పిలిచిన లకోటాల్లోని మినికొంజు తెగ నాయకుడు స్పాటెడ్ ఎల్క్, న్యుమోనియాతో బండిలో పడుకుని, దాదాపు 350 మంది తనవారితో పైన్ రిడ్జ్‌కు వెళుతూ, ముందురోజే తెల్లజెండాతో సైన్యానికి లోబడ్డాడు. మరునాడు ఏడవ అశ్వికదళం వారి ఆయుధాలు తీసుకుంటుండగా ఒక తుపాకి పేలింది; వెంటనే తుపాకులు మోగాయి, గుట్టమీది నాలుగు హాచ్‌కిస్ ఫిరంగులు, అంటే వెంటవెంటనే గుండ్లు కురిపించగల తేలికపాటి ఫిరంగులు, గుడారాలవైపు పేలాయి. హతులు 250 నుంచి 300 మంది ఉంటారని అంచనా. పారిపోతున్న తల్లుల, పిల్లల శవాలు రెండు మైళ్ల దూరం వరకు దొరికాయి. వాగు గండిలో దాగిన ‘ఇండియన్ల’తో, అంటే ఆదివాసులతో, చేసిన పోరులో చూపిన ధైర్యానికి ఈ పతకం అని కొన్ని ప్రశంసాపత్రాలు చెబుతున్నాయి. గండిలోంచి ఎదురుకాల్పులు జరిపిన పురుషులు ఉన్న మాట నిజమే, కానీ అదే గండిలోకి ప్రాణభయంతో పరుగెత్తిన స్త్రీలు, పసివాళ్లు ఆ పత్రాల్లో ఎక్కడ?

దీన్ని మారణకాండగా మొదట ఖండించినవారిలో ఆ ప్రాంత సైన్యాధిపతి జనరల్ నెల్సన్ మైల్స్ ఒకడు. అతడు దళాధిపతి కల్నల్ జేమ్స్ ఫోర్సైత్‌ను బాధ్యతల నుంచి తప్పిస్తే, యుద్ధశాఖ తిరిగి నియమించింది. పతకాలను రద్దు చేయడం అసాధ్యమూ కాదు: అదే మైల్స్ అధ్యక్షత వహించిన సమీక్షా మండలి నిర్ణయంతో 1917లో 911 మంది పేర్లు మెడల్ ఆఫ్ ఆనర్ జాబితా నుంచి తొలగిపోయాయి, వారిలో 864 మంది మెయిన్ రాష్ట్రపు ఒకే రెజిమెంటువారు. పరాక్రమమేదీ చూపకుండానే వచ్చిన పతకాన్ని రద్దు చేసిన రాజ్యం, లొంగిపోయిన జనం నెత్తురుతో వచ్చిన పతకాన్ని ఏ ప్రమాణంతో కాపాడుతున్నది? 2024లో నాటి రక్షణమంత్రి లాయిడ్ ఆస్టిన్ ఆదేశించిన సమీక్ష దాదాపు 20 పతకాలను పరిశీలించి, వాటిని ఉంచమనే చెప్పిందని మంత్రివర్యుల మాట. ఆ సమీక్ష లకోటాల సాక్ష్యాలకు ఎంత విలువ ఇచ్చింది? అవి ఉంచదగ్గవే అయితే, 1990లో అమెరికా కాంగ్రెస్ ఈ మారణకాండపై తీర్మానం చేసి వ్యక్తం చేసిన ప్రగాఢ విచారం దేనికోసం?

ఈ గాయం వెనుక పాత బాకీలు కూడా ఉన్నాయి. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంతో లకోటాలకు దక్కిన రిజర్వేషన్‌ను, అంటే వారి కోసం హద్దులు గీసి ఉంచిన భూభాగాన్ని, బ్లాక్ హిల్స్ కొండల్లో బంగారం బయటపడ్డాక 1877లో వాటిని పోగొట్టుకునేలా కోశారు, 1889లో మళ్లీ చిన్నచిన్న ముక్కలు చేశారు, సంతకాలు పెట్టించుకున్న వెంటనే మాంసపు రేషన్ తగ్గించారు. ఆకలిలో ఆశగా వారు పట్టుకున్న ఘోస్ట్ డాన్స్‌ను, చనిపోయిన పెద్దలు తిరిగివస్తారని, అడవిదున్నలు మళ్లీ వస్తాయని నమ్మే ఆ ఆరాధనా నృత్యాన్ని, తిరుగుబాటుగా చూసి సైన్యాన్ని దించారు. 1980లో సుప్రీంకోర్టు బ్లాక్ హిల్స్‌కు ఇవ్వమన్న పరిహారాన్ని లకోటాలు నేటికీ ముట్టలేదు, వారికి భూమి కావాలి. ఇన్నిటి తర్వాత ‘చర్చ ముగిసింది’ అన్న మాటను వారు ఎవరి నోట వినాలి?

ఆ మాటను శాఖ వెనక్కి తీసుకోవాలి. 2024లో ఆదేశించిన సమీక్షలో చూసినవన్నీ లకోటా ప్రజల ముందుంచి, వారు చెప్పేది విని, ఆపైన నిర్ణయించాలి. 1917లో మైల్స్ మండలికి చేతనైనది నేటి శాఖకు ఎందుకు చేతకాదు?