జాజిరి పిల్లల క్షేమము

ఫాల్గుణమున కాముని పున్నమికి ముందు తెలంగాణపు పిల్లలు కోలలు చేబూని, యింటింటికేగి జాజిరి పాడి, ధాన్యమో డబ్బో పొందుట పురాతనాచారము. అమెరికాలో అక్టోబరు 31వ తేదీని హాలోవీన్ రాత్రి పిల్లలు వేషములతో మిఠాయిల నడుగుటయు నిట్టిదే. అచ్చటి పెద్దలు మిఠాయిలలో విషముండునేమోయని వెఱచిరి. కాని 1975 నుండి 2016 వఱకు గల లెక్కలను పరిశీలింపగా, ఆ సాయంకాలము రహదారులపై పాదచారులకు మరణాపాయము నూటికి 43 వంతులు హెచ్చని తేలినది. భయమొకచోట, మృత్యువొకచోట!

శంషాబాదు పెద్దలు దీనిని గ్రహింతురు గాక. 2008లో విమానాశ్రయము వెలసినది. 44వ జాతీయ రహదారి యూరిమీదుగనే పోవుచున్నది. వాహనముల వేగమునకు పగ్గము వేయలేక, పిల్లల పాటకు పగ్గము వేయుట యేమి న్యాయమని మేమడుగుచున్నాము. అధికారులు వీధిదీపములు వెలిగించి, జనులు దాటుచోట్ల వాహనవేగమును తగ్గింపవలెను. తలిదండ్రులు పిల్లలను గుంపుగా, ఒక పెద్దను తోడిచ్చి, చీకటి ముదురక మునుపే తమ వీధులలో తిరుగనీయవలెను. రహదారికి త్రాడు గట్టి, బండ్ల నాపి చందాలడుగుటను మాత్రము ఖండితముగా మాన్పింపవలెను. వచ్చు ఫాల్గుణమునకు ముందే యీ యేర్పాటులు జరుగవలెను. ఒక బిడ్డ బలియైన పిమ్మట చేయు తీర్మానములు మాకక్కఱలేదు.