కొండ ఎందుకు కనబడలేదు?

 

వాన వెలసిన మరునాటి ఉదయము ఆదోని కోటకొండను చూచినవారికి అది రాత్రికి రాత్రే ఊరి దగ్గరకు జరిగివచ్చినట్లు తోచును. బండల మధ్య చీలికలను సైతము లెక్కింపవచ్చును. అదే కొండ చలికాలపు ఉదయములలో బూడిదరంగు గీతగా మారును. కొన్ని దినములు ఆ గీతయు కనబడదు. “మంచు పట్టినది” అని పెద్దలు, “పొగ కమ్మినది” అని యువకులు అందురు. ఇరువురి మాటలోను కొంత నిజమున్నది. ఎవరి మాటలో ఎంత నిజమున్నదో తేల్చు పనికి మన కళాశాల పూనుకొనవలెనని నా అభిప్రాయము.

చూపునకు హద్దు గీయునది గాలి. ఈ “హద్దు” అను మాట అరబ్బీలో పుట్టి, ఉర్దూకు తెలుగునకు ఉమ్మడి సొత్తైనది. దానిని కొలుచు సూత్రమును 1924లో కోష్మీడర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చెప్పెను. దూరపు నల్లని వస్తువునకు, దాని వెనుకనున్న ఆకాశమునకు గల వెలుగు భేదము దూరముతోపాటు తగ్గిపోవును. అది సుమారు నూటికి రెండు పాళ్లకు దిగినప్పుడు వస్తువు కంటికి ఆనదు. పొగ, ధూళి లేని శుద్ధమైన గాలిలో చూపుమేర సుమారు 300 కిలోమీటర్లు ఉండగలదు. దానిని కుదించునవి సూక్ష్మకణములు. వీనిలో పెక్కు తేమను పీల్చి ఉబ్బును. గాలిలో తేమ నూటికి 80 పాళ్లు దాటినప్పుడు ఈ ఉబ్బు మిక్కుటమగును. అందుచేత పొగ ఏమాత్రము పెరగకున్నను, తేమగల ఉదయమున అది కొండను మరింతగా కప్పివేయును.

మన ప్రాంతములో ఋతువులును వృత్తులును ఇక్కడనే కలిసికొనుచున్నవి. నైరుతి కాలమున పడమటి గాలి పొగను చెదరగొట్టును గాని దుమ్మును లేపును. వాన పడినచో రెండింటిని కడుగును. చలికాలమున రాత్రివేళ నేలనంటిన చల్లని గాలిమీద వెచ్చని గాలి కుండమీద మూకుడువలె నిలిచి, పొగను పైకి పోనీయదు. పత్తి ఏరి జిన్నింగు మిల్లులకు తోలునదియు, పత్తికట్టెను పొలములో తగులబెట్టునదియు ఇంచుమించుగా ఆ రోజులలోనే. కృష్ణగిరి మెట్టచేనైనను, ఎమ్మిగనూరు బాటయైనను ఇదే కథ.

కావున ఒక్కనాటి చూపు ఏమియు రుజువు చేయదు. ఏండ్ల తరబడి వ్రాసిన లెక్క మాత్రమే వాతావరణపు పాలును, మన పాలును వేరుచేయగలదు. 1961 నుండి 2008 వరకు గల పరిశీలనలను బట్టి భారతదేశమున చూపుమేర తగ్గినదని తేలినది. 1952 డిసెంబరులో లండనును ఐదు దినములు కప్పినదియు ఒంటరి మంచు కాదు. కదలని గాలిలో చిక్కిన బొగ్గుపొగ. వేలమంది మరణించిరి. 1956లో అక్కడ శుభ్రమైన గాలికొరకు చట్టము వచ్చెను. మన దేశమున 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమపు పట్టికలో కర్నూలు ఉన్నది. ఆదోని, ఎమ్మిగనూరులు లేవు. పట్టికలో లేనంత మాత్రమున ఊపిరితిత్తులకు మినహాయింపు లేదు. కొండను మరుగుపరచు కణమే మన రొమ్ములోనికి దిగును.

నా సూచన చిన్నది. కళాశాల మేడమీదినుండి కనబడు ఐదారు గుర్తులను ఎన్నుకొని, వాని దూరములను పటములో కొలిచి వ్రాసికొందము. ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు ఏ గుర్తువరకు కనబడినదో నమోదు చేయుదము. ప్రక్కన పొడి, తడి ఉష్ణమాపకముల అంకెలు, గాలి దిక్కు, వాన, పొగ వాసన వ్రాయుదము. ఒక తరగతి వెడలిపోవునప్పుడు పుస్తకమును మరొక తరగతికి అప్పగించవలెను. సెలవులలో ఊరనున్న విద్యార్థులు ఆ పని చూచుకొందురు. తేమ తక్కువగానుండి కూడ కొండ కనబడని దినములు ఏటేట పెరిగినచో, మంచు మీద నెపము వేయుటకు వీలుండదు.

“మిల్లులు మూతపడినచో కూలీలు ఏమి తినవలెను?” అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. మూయుమని ఎవరు కోరుచున్నారు? ధూళిని పట్టు ఏర్పాటును, పత్తికట్టెను కాల్చక పొడిచేసి నేలలో కలుపుటకు రైతునకు సాయమును కోరవచ్చును. నిజమైన లెక్క మిల్లును కూడ కాపాడును. మంచు చేసిన తప్పును దానిపై మోపదు.

రంజాను నెలవంక కొరకు మేడలెక్కి పడమర చూచుట మనలో అనేకులకు బాల్యము నుండి అలవాటు. దిగంతము దగ్గరి వెలుగు మిక్కిలి మందమైన గాలిని దాటి రావలెను గనుక, మసక మొదట మింగునది ఆ సన్నని రేఖనే. అదే మేడమీద అదే శ్రద్ధతో ప్రతి ఉదయము ఒక్క నిమిషము నిలుచుట మనకు భారము కాదు. కార్యవర్గమువారు ఒక పుస్తకము, రెండు ఉష్ణమాపకములు ఇప్పించిన చాలును. చూచుటకు కన్నులు మావద్ద ఉన్నవి.