ఎలక్టివ్ ఎవరి ఎంపిక?

బీటెక్ మూడో ఏడాది చివర్లోనో నాలుగో ఏడాది మొదట్లోనో కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల చేతికి ఒక ఫారం వస్తుంది. ప్రొఫెషనల్ ఎలక్టివ్ కింద నాలుగైదు పేర్లు, ఓపెన్ ఎలక్టివ్ కింద మరికొన్ని. మెషిన్ లెర్నింగ్, డేటా మైనింగ్, క్లౌడ్ కంప్యూటింగ్, బ్లాక్‌చెయిన్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లాంటివి. ఇష్టమైన వరుసలో అంకెలు వేసి ఇవ్వమంటారు. అప్పటిదాకా విశ్వవిద్యాలయం ఏది చదవమంటే అది చదివిన పిల్లలను ‘నీకేం కావాలి’ అని అడిగే మొదటి కాగితం అదే. రిజర్వేషన్ గురించి మనం చేసే చర్చంతా కాలేజీ ప్రవేశం దగ్గరే ఆగిపోతుంది. సీటు వచ్చాక లోపల జరిగే ఈ రెండో వడపోతను ఎవరూ పట్టించుకోరు.

వడపోత అని ఎందుకంటున్నానంటే, ఫారంలో ఉన్నవన్నీ నడవవు. బోధించేవారు ఉండాలి, సెక్షన్‌కు సరిపడా విద్యార్థులు ఉండాలి. నేను బీటెక్ చదివిన కాలేజీలో జాబితాలో ఆరు సబ్జెక్టులుంటే నడిచినవి రెండు. వాటిలో అందరూ కోరుకున్న దానికి అరవై సీట్లు. ఎక్కువమంది కోరితే ఏం చేస్తారు? సీజీపీఏ వరుసలో పిలుస్తారు. చాలా కాలేజీల్లో పద్ధతి ఇదే. ఇంకొన్నిచోట్ల ఆ మాత్రం కూడా ఉండదు. విభాగాధిపతి ఒక సబ్జెక్టు ఖాయం చేస్తారు, సెక్షన్ మొత్తం సంతకాలు పెడుతుంది. దాన్నీ ఎలక్టివ్ అనే పిలుస్తారు.

సీజీపీఏ వరుస చూడటానికి న్యాయంగానే కనిపిస్తుంది. కాస్త లెక్క వేద్దాం. జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మీడియం చదివి వచ్చిన అమ్మాయికి మొదటి ఆరు సెమిస్టర్లలో వరుసగా 5.5, 6, 7, 7.5, 8, 8.5 వచ్చాయనుకోండి. పక్క బెంచీలో కార్పొరేట్ కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయికి ప్రతిసారీ 7.5. క్రెడిట్లు సమానమనుకుంటే ఆమె సగటు 7.08, అతనిది 7.5. ఇవాళ సబ్జెక్టు మీద పట్టు ఎవరికి ఎక్కువ ఉందో చూస్తే ఆమె ముందుంది. ఎలక్టివ్ వరుసలో మాత్రం అతను ముందుంటాడు. ఇంగ్లిషు పాఠం చెవికి అలవాటు కావడానికి పట్టిన ఆ మొదటి రెండు సెమిస్టర్లు నాలుగో ఏడాదిలోనూ ఆమెను వెనక్కి లాగుతాయి. పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవారి తొలి సెమిస్టర్ కష్టం కూడా ఇలాంటిదే. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఏ వాడల నుంచి, ఏ తండాల నుంచి వస్తారో ఈ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఒక్క సబ్జెక్టుకు ఇంత రాద్ధాంతమా అనేవారుంటారు. ఆ ఒక్క సబ్జెక్టు వెంట చాలా వస్తాయి. ఎలక్టివ్ చెప్పిన సారే తరచూ ప్రాజెక్టు గైడ్ అవుతారు. ఆ గైడే ఇంటర్న్‌షిప్‌కు, పై చదువులకు సిఫారసు లేఖ రాస్తారు. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, కృత్రిమ మేధకు విడిగా పేపర్ వచ్చింది. క్లాసులో ఆ సబ్జెక్టులు దక్కినవారికి, సొంతంగా నేర్చుకోవాల్సినవారికి మధ్య తేడా అక్కడా తేలుతుంది. ఆనర్స్, మైనర్ డిగ్రీలకు అదనపు క్రెడిట్లు చేయాలన్నా చాలా విశ్వవిద్యాలయాల్లో ముందు సీజీపీఏ గీత దాటాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు. ఇక ప్లేస్‌మెంట్ కటాఫ్ భయం సరేసరి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి తీరితేగాని సర్టిఫికెట్ చేతికి రాదని తెలిసిన విద్యార్థి, ఉద్యోగం వెంటనే రావాలి కాబట్టి, ఇష్టమైన సబ్జెక్టు వదిలి మార్కులు పడే సబ్జెక్టు రాస్తాడు. గైడ్ దొరకని బృందం అమీర్‌పేటకు వెళ్లి తయారుగా ఉన్న ప్రాజెక్టు కొనుక్కొస్తుంది. ‘మీ పిల్లలకు ఆసక్తి ఉండదు’ అనే మాట ఆ తర్వాత స్టాఫ్ రూముల్లో వినిపిస్తుంది.

ఇప్పుడు నేను కంప్యూటర్ సైన్స్‌లోనే పీహెచ్‌డీ చేస్తున్నాను. గత రెండు సెమిస్టర్లుగా నాలుగో ఏడాదివారి డేటా మైనింగ్ ల్యాబ్ చూసుకునే పని నాది. రెండు పేర్లు ఒకే మనిషివా కావా అని యంత్రంతో తేల్చే అభ్యాసం ఒకటి ఉంది. పాఠ్యపుస్తకంలోని అమెరికా పేర్లతో చేస్తే చక్కగా వచ్చింది. తర్వాత మీ ఊరి పేర్లు ఎక్కించండి అన్నాను. ల్యాబంతా తలకిందులైంది. లక్ష్మిని ఇంగ్లిషులో ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఒకరు కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు, యంత్రానికి వాళ్లిద్దరు. ఇంటిపేరు పొడి అక్షరమైపోయిన చోట ఇద్దరు వెంకటయ్యలు ఒక్కరైపోయారు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, ‘మా వాడలో పది ఇళ్లకు ఒకటే ఇంటిపేరు మేడమ్, సగం ఇళ్లకు డోర్ నంబరే లేదు, దీన్ని నమ్ముకుంటే మేమంతా ఒకే కుటుంబం’ అంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం అది ఆ సెమిస్టర్‌లో విన్న అత్యుత్తమ సాంకేతిక విమర్శ.

ఎందుకంటే అది ల్యాబ్ దాటిన విషయం. తెలంగాణ ప్రభుత్వం వాడుతున్న సమగ్ర వేదిక చేసేది సరిగ్గా ఈ పనే. వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి, రేషన్ కార్డున్న మనిషీ ఫలానా వాహనం యజమానీ ఒకరేనా అని అంచనా వేస్తుంది. రాష్ట్రంలో లక్షల సంఖ్యలో రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వచ్చి చూడకుండా, నోటీసైనా ఇవ్వకుండా తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో కోర్టు ఆదేశించింది. ‘ఫాల్స్ పాజిటివ్‌ను నిర్వచింపుము’ అని మన పరీక్షలో అడుగుతారు, సూత్రం రాస్తే మార్కులు పడతాయి. కారు లేని ముసలమ్మకు కారు అంటగట్టి బియ్యం ఆపేయడమే ఆ ఫాల్స్ పాజిటివ్ అని ఏ యూనిట్‌లోనూ ఉండదు. ఆ వాడ నుంచి వచ్చిన అమ్మాయి క్లాసులో ఉంటేనే ఆ ప్రశ్న పుడుతుంది. సీజీపీఏ వరుసలో ఆమె అరవై ఒకటో స్థానంలో ఉండి ఉంటే ఆ మాట నాకు వినపడేదే కాదు.

అమెరికాలో జరిగిందీ ఇలాంటిదే. ఎంఐటీలో చదువుతున్న నల్లజాతి విద్యార్థిని జాయ్ బులామ్వినీ ముఖాన్ని ఒక సాఫ్ట్‌వేర్ గుర్తించలేదు. తెల్లని మాస్కు పెట్టుకుంటే గుర్తించింది. ఆమె, టిమ్నిట్ గెబ్రూ కలిసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖం చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య వ్యవస్థలు ముదురు చర్మమున్న స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా పొరబడ్డాయి. లేత చర్మమున్న పురుషుల విషయంలో ఆ తప్పు 0.8 శాతం మించలేదు. అవి అప్పటికే మార్కెట్‌లో అమ్ముడవుతున్న వ్యవస్థలు.

ఓపెన్ ఎలక్టివ్ సంగతి మరీ చోద్యం. పేరుకు ఏ విభాగం సబ్జెక్టయినా తీసుకోవచ్చు. అఫిలియేటెడ్ కాలేజీలో సామాజిక శాస్త్రం విభాగమే ఉండదు కాబట్టి, సీఎస్ఈవాళ్లు మెకానికల్ సబ్జెక్టు, మెకానికల్‌వాళ్లు సీఎస్ఈ సబ్జెక్టు రాసుకుంటారు. 2018 ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక డిగ్రీని 160 క్రెడిట్లకు కుదించింది. అందులో భారత రాజ్యాంగం తప్పనిసరి సబ్జెక్టే. దానికిచ్చిన క్రెడిట్లు సున్నా. సగటులో కలవని సబ్జెక్టును పిల్లలు ఎలా చదువుతారో, కాలేజీ ఎలా చెబుతుందో ఊహించుకోవచ్చు. తలచుకుంటే చేయలేక కాదు. ఇంజినీరింగ్ పిల్లల కోసమే జెండర్ మీద తెలుగు, ఇంగ్లిషు రెండు భాషల్లో పాఠ్యపుస్తకం రాయించి తెలుగు అకాడమి 2015లో అచ్చువేసింది.

బాబాసాహెబ్ 1913లో కొలంబియా వెళ్లింది అర్థశాస్త్రం చదవడానికి. కానీ అక్కడ చరిత్ర, సామాజిక శాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం క్లాసుల్లోనూ కూర్చున్నాడు. భారతదేశంలో కులాల పుట్టుక, పనితీరు మీద ఆయన తొలి పత్రం 1916 మే 9న గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్‌లో చదివినదే. మన భాషలో చెప్పాలంటే అది ఓపెన్ ఎలక్టివ్‌లో రాసిన పేపర్. అలా తిరగగలగడానికి ఆయనకు మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల బరోడా స్కాలర్‌షిప్ ఉంది, తలుపులు తెరిచిన విశ్వవిద్యాలయం ఉంది.

‘అయితే ఎలక్టివ్‌లోనూ రిజర్వేషన్ అంటావా?’ అని ఒక సీనియర్ అధ్యాపకుడు నన్నడిగారు. ఆ చర్చకు నేను సిద్ధమే, కానీ దానికి ముందు చేయగలిగినవి ఉన్నాయి. మొత్తం సగటు బదులు ఆ ఎలక్టివ్‌కు అవసరమైన ముందు సబ్జెక్టులో వచ్చిన గ్రేడ్ చూడొచ్చు. మెషిన్ లెర్నింగ్‌కు ప్రాబబిలిటీ చాలు, మొదటి సెమిస్టర్ ఇంగ్లిషుతో పనేముంది? ఆ గ్రేడ్ దాటినవారు సీట్లకన్నా ఎక్కువుంటే లాటరీ వేయొచ్చు. స్వయం కోర్సులున్నాయి కదా, అక్కడ చదువుకోమంటారు. క్రెడిట్ వస్తుంది నిజమే, కానీ సిఫారసు లేఖ రాసే సారు అందులోంచి రారు.

అన్నిటికంటే ముందు లెక్క బయటికి రావాలి. ఏ ఎలక్టివ్ ఏ సామాజిక వర్గానికి ఎంతమందికి దక్కిందో తెలుసుకోవడానికి కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు. ఏ హాల్‌టికెట్ నంబరు ఏ సబ్జెక్టు రాసిందో పరీక్షల విభాగం దగ్గర ఉంది. ఆ నంబరు ఏ కేటగిరీలో చేరిందో ప్రవేశాల విభాగం దగ్గర ఉంది. పేర్లు తీసేసి రెండూ కలిపితే ఒక పూట పని. ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. విద్యార్థి సంఘాలు గత ఐదేళ్ల పట్టిక అడుగుతూ దరఖాస్తు ఇప్పుడే పెడితే, వచ్చే ఏడాది ఎలక్టివ్ ఫారాలు పంచేలోపు అది చేతిలో ఉంటుంది.