పొక్కు లేస్తే మందు పట్టినట్టా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన నడుస్తూ వెళ్తే కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు, వాటి సందుల్లో ఎక్కడో ‘తెల్లమచ్చలు మాయం, గ్యారంటీ’ అనే కాగితాలు. ఆ కాగితం కనిపిస్తే చింపి పారేయాలనిపిస్తుంది నాకు.

“పొక్కు లేచిందా? అయితే మందు పట్టినట్టే” అంటారు ఈ కాగితాలు అంటించేవాళ్లు. ఎంత నిర్దయ! ఇలాంటి మందుల్లో వాడే బావంచాల గింజల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది పూసిన చర్మానికి ఎండ తగిలితే కాలుతుంది. డాక్టరు పర్యవేక్షణలో, కొలిచిన మోతాదుకి కొలిచిన కాంతి ఇస్తే అది వైద్యమే. కొలతా పాడూ లేకుండా ఏప్రిల్ ఎండలో మిద్దె మీద కూర్చోబెడితే వాత పెట్టడమే. ముందు ఎరుపు, తర్వాత నీటి పొక్కు, ఆపైన రసి. పుండు మానాక చూసుకుంటే మచ్చ అంచు ముందుకు జరిగి ఉండొచ్చు. దానికి మళ్లీ ఇంకో డబ్బా!

బొల్లి ఉన్న ఒంటికి దెబ్బ తగిలితే దెబ్బతోనే పోదు. తెగిన చోట, కాలిన చోట, గోకిన చోట కొన్నాళ్లకు కొత్త మచ్చ తేలవచ్చు. అందరికీ కాదు, మచ్చలు పెరిగే దశలో ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. గాయం వెంటే చర్మవ్యాధి పుట్టడాన్ని జర్మన్ వైద్యుడు హైన్రిక్ కోబ్నర్ 1870లలోనే సోరియాసిస్ రోగుల్లో వివరించాడు. బొల్లిలో జరిగేదాన్నీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఇంత పాత సంగతి మన రోగి చెవిన వేసేవాళ్లే లేరా?

చేపలు తిని పాలు తాగొద్దని మాత్రం ఊరంతా చెబుతుంది. పులుపు మానమంటుంది. రోగి నోరు కట్టేసిన ఈ పెద్దమనుషులు నడుము వైపు చూడరు. లంగా బొందు బిగించే చోట, మొలతాడు రోజంతా ఒరుసుకునే చోట తెల్లటి పట్టీలా మచ్చ వస్తుంది. బొందు వదులు చేసి, మెత్తటి వెడల్పు పట్టీ వేసుకోమనడానికి పైసా ఖర్చవుతుందా? పెళ్లిచూపులు దగ్గరపడ్డాయని పీచుతో పిల్ల ఒళ్లు రుద్దే పెద్దమ్మలకీ, మచ్చ మీద పచ్చబొట్టు పొడిపించుకొమ్మనే స్నేహితులకీ ఎవరు చెప్పాలి? (కొన్ని స్టిక్కర్ బొట్ల జిగురుది ఇంకో కథ. అక్కడ ఒరిపిడి కాదు, రసాయనమే రంగు కణాలను చంపుతుంది.)

తెల్లకోటు వేసుకున్నవాళ్లలోనూ తొందరపాటు మనుషులున్నారు. ఏడాదిగా కొత్త మచ్చ ఏమైనా వచ్చిందా అని అడగకుండానే చర్మం అతికే గ్రాఫ్టింగ్‌కి తేదీ ఇచ్చేస్తారు. జబ్బు కదులుతున్నప్పుడు కత్తి పెడితే, చర్మం తీసిన తొడ మీద కూడా మచ్చ రావచ్చు. దెబ్బ తగిలిన చోట మచ్చ వచ్చిందా అన్న ఒక్క ప్రశ్న వేయడానికి అర నిమిషం చాలదా?

ఇక సర్కారు. బొల్లిని నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. జబ్బుల పట్టికలో లూకోడెర్మా (బొల్లి) పేరు స్పష్టంగా ఉంది. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు వేయొచ్చు. నేరస్థుడి కోసం ఔషధ నియంత్రణ అధికారులు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఫోన్ నంబరు వాడే వేసుకుంటున్నాడు, పిల్లర్ నంబరుతో సహా.