శిలాతీరమందు నిధివేట

జియోకాషింగ్ అను క్రీడను సముద్రపుటొడ్డు ఱాళ్లమీద ఆడుదుమని మన విద్యార్థులు కొందఱు కోరుచున్నారు. తల్లిదండ్రులు కొందఱు వలదనుచున్నారు. ఆటను మాన్పుటకంటె ఆట రకమును మార్చుట మేలని మా యభిప్రాయము.

ఎఱుగనివారి కొఱకు ఆట యెట్టిదో చెప్పెదము. ఒకడు చిన్న డబ్బాలో నొక పుస్తకము నుంచి యొకచోట దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను ప్రకటించును. తక్కినవారు జి.పి.యస్. సాయమున వెదకి, పుస్తకమున పేరు వ్రాసి, డబ్బాను మరల నచ్చటనే యుంచి రావలెను. 2000 మే నెల ఆరంభము వఱకు అమెరికా ప్రభుత్వము ఉపగ్రహ సంకేతములందు బుద్ధిపూర్వకముగా దోషము కల్పించుటచే సామాన్యుల యంత్రములు 100 మీటర్ల వఱకు తప్పు చూపుచుండెను. ఆ దోషము తొలగిన మఱునాడే, మే 3వ తేదిని, ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ అల్మర్ అను నతడొక బకెట్టును దాచెను. అదియే ఆటకు ఆరంభము.

ఇప్పటికిని యంత్రము కొన్ని మీటర్లు తప్పును. మైదానమున నది లెక్కలోనిది కాదు. కొండకొమ్మున నాలుగు మీటర్లనగా నేల ముగిసి నీరు మొదలగును. పైగా ఆ రెండంకెలు పోటు వేళను చెప్పవు. ఉదయము పొడిగానున్న బండ మధ్యాహ్నమునకు కెరటముల క్రింద నుండవచ్చును. పాచి పట్టిన ఱాతిపై, చేతిలోని ఫోనువంక చూచుచు నడచు బాలునిగూర్చి తల్లి భయపడుట న్యాయమే. డబ్బా కొఱకు ఱాళ్లు పెకలించుటయు మాకు సమ్మతము కాదు.

అయితే ఎర్త్‌కాష్ అను మఱియొక రకము కలదు. ఇందు దాచునది ఏమియు లేదు. అంకెలు మనలను ఒక శిలయొద్దకు చేర్చును, అచ్చట ప్రశ్నలుండును, కన్నులార చూచి, కొలిచి, సమాధానములను ప్రశ్న వేసినవారికి పంపవలెను. మొదటి ఎర్త్‌కాష్ 2004 జనవరిలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు తీరమున, మురమరాంగ్ జాతీయవనమందలి వాస్ప్ హెడ్ అను ఱాతికొమ్మున ఏర్పడెను. అచ్చటి శిలాస్తరములలో సన్నని మట్టి పొరల నడుమ వేఱు జాతి గుండుఱాళ్లు పొదిగియున్నవి. మెల్లని నీటి అడుగున అంత బరువుగల ఱాళ్లెట్లు చేరెను? సుమారు 28 కోట్ల సంవత్సరములకు పూర్వము సముద్రముపై తేలివచ్చిన మంచుగడ్డలు కరగి, తాము మోసిన ఱాళ్లను జారవిడిచెను. ఆ పెర్మియన్ యుగమున భారతదేశమును ఆస్ట్రేలియాయు నొకే భూఖండమున నుండెను. మన సింగరేణి బొగ్గును ఆ యుగమునాటిదే. ఇంతటి నిధి ఏ డబ్బాలో పట్టును?

మన తీరమునను ప్రశ్నలకు కొదువ లేదు. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము పోవు దారిలో మంగమారిపేటయొద్ద సహజ శిలాతోరణమున్నది. దానికి దాపుననే ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. వీనిని 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. తోరణమునకు ఏ వైపున అలలు తాకుచున్నవి? ఱాతి పొరలు ఎటు వాలియున్నవి? దిబ్బల ఇసుక ఏల యెఱ్ఱనాయెను? మొదటి రెండింటికి పుస్తకము తెఱువనక్కఱలేదు.

పదవ తరగతివారు నాలుగేసి ప్రశ్నలు వ్రాసి తెత్తురుగాక. మంచివానిని ఏర్చి, ఆటు సమయమును ముందుగా కనుగొని, రాదలచిన తల్లిదండ్రులతో కూడ పోవుదము. తోరణముపైకి ఎవరును ఎక్కరాదు. చోటు చేరినంతనే ఫోనులు సంచులలోనికి పోవలెను. ఒక కొలతాడు, ఒక పెన్సిలు, ఒక నోటుపుస్తకము చాలును, సుత్తి తేవలదు.