మూడు కొటేషన్లు, ఒకటే చేతిరాత

మా మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. పేరెందుకు, అట్లాంటివి మీ మండలంలోనూ ఉంటాయి. సైన్సు ల్యాబుకు సామాను కొన్న ఫైలు మేము చూశాం. మూడు దుకాణాల కొటేషన్లు. లెటర్‌హెడ్లు మూడు, చేతిరాత ఒకటే. ఒకే మాటను మూడింట్లోనూ ఒకే తప్పుతో రాశారు. తల్లిదండ్రుల కమిటీ తీర్మానం కింద మా వాడ తల్లి వేలిముద్ర ఉంది. "ఏం కొన్నారమ్మా?" అంటే, "ఏమో, సారు వెయ్యమన్నడు, వేసిన" అన్నది. గాజు సామాను సగం పెట్టెలోనే పగిలి ఉంది.

ఈ మాట చెప్తే కొందరు పెద్దమనుషులు ఏమంటారు? "అసలు ఈ రూల్సే అడ్డం. వాటిని తీసేస్తే పని తొందరగా అవుతుంది" అంటారు. మేము ఒప్పుకోం. రూలు లేనిచోట ఎవరి మాట చెల్లుతుంది? ఊళ్లో ఇప్పటికే చెల్లుతున్నవాడి మాటే చెల్లుతుంది. సర్కారు బడిలో ఇవాళ ఎవరి పిల్లలున్నారు? డబ్బున్నోళ్ల పిల్లలు ఎప్పుడో కాన్వెంటు బస్సెక్కారు. విరిగిన బెంచీ మీద కూచునేది మన పిల్లలే. అందుకే కొనుగోలు రూలు మనకు ఆఫీసు తద్దినం కాదు, మన హక్కు.

రూలు చెప్పేది బ్రహ్మవిద్యేం కాదు. ఏం కావాలో ముందు రాయాలి. వేర్వేరు దుకాణాల నుంచి ధరలు తెప్పించాలి. ధరతోపాటు నాణ్యత చూడాలి. సరుకు దిగాక లెక్కపెట్టి, స్టాకు రిజిస్టరులో ఎక్కించి, ఆ తర్వాతే డబ్బు కట్టాలి. టెండరు తప్పించుకోవడానికి ఒక కొనుగోలును ముక్కలు చేయకూడదు. కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నిబంధనల్లో 157వది ఈ మాటే చెప్తుంది. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకంలో 250 మంది దాటి వెయ్యి మంది దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 75 వేలు గ్రాంటు పెట్టారు. సుద్దముక్క నుంచి మరుగుదొడ్డి దాకా అందులోనే. ఇంత చిన్న డబ్బులో పదివేలు పోతే ఎవరి నోటి దగ్గరిది పోయినట్టు?

ఇంకో సంగతీ దాచం. రూలు అందరి మీదా ఒక్క తీరుగా పడదు. మన హెడ్మాస్టరు ఒక్క రసీదు పెట్టకపోతే మెమో వస్తుంది. పలుకుబడి ఉన్నవాడి ఫైలు మొత్తం పోయినా "వెతుకుతున్నాం" అంటారు. దీనికి మందు రూలు తీసెయ్యడం కాదు, అందరికీ ఒకటే రూలు పెట్టడం. మన టీచర్లకూ ఒక మాట: మంచి మనసుతో కొన్నా కాగితం లేకుండా కొనవద్దు. ఆ కాగితమే రేపు మిమ్మల్ని కాపాడుతుంది.

అమ్మేవాళ్లలో మనమెక్కడ? తరతరాలుగా తోలు పని చేసింది మనం. బడిపిల్లల బూట్లకు లక్షల జతలు ఒకే టెండరులో కట్టి, కోట్ల టర్నోవరు చూపించమంటే ఆ గుమ్మం మనం దాటగలమా? కేంద్ర శాఖలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి చేయాలని 2012లో ఉత్తర్వు వచ్చింది. కర్ణాటక 2017లో చట్టం మార్చి, 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం కేటాయించింది. మన బడుల కొనుగోళ్లలోనూ మాకు వాటా కావాలి.

తల్లులారా, తండ్రులారా! 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, వెనకేసిన వర్గాలకు జనాభా తగ్గట్టు చోటుండాలి. తీర్మానం పైకి చదివించుకోకుండా వేలు పెట్టకండి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఫైలు నకలే కాదు, సరుకు నమూనా కూడా అడగొచ్చు. తెల్లకార్డు పేదలు ఫీజు కట్టనక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ 1924లో సరేనంది. కాగితం మీద నీళ్లు వచ్చాయి, గొంతులోకి రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి దోసిలి పట్టాకే ఆ తీర్మానానికి ప్రాణమొచ్చింది. కొనుగోలు రూలు కూడా అట్లాంటి చెరువే. అది ఫైలులో ఉంది. నడిచివెళ్లి దోసిలి పట్టాల్సింది మనమే.

వచ్చే కమిటీ మీటింగుకు వాడంతా కదలాలి. స్టాకు రిజిస్టరు బల్లమీద పెట్టించాలి!