ఇల్లు ఆమెది, రిపోర్టు ఎవరిది?

ఇంటి హక్కుపత్రంలో స్త్రీ పేరు ఉండాలని మనం ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాం. కొంత సాధించాం కూడా. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, ఆర్థికంగా బలహీన వర్గాలూ తక్కువ ఆదాయ వర్గాలూ వడ్డీ రాయితీతో కొత్త ఇల్లు కొనుక్కునేటప్పుడు ఆ ఇల్లు స్త్రీ పేరు మీదగానీ ఉమ్మడిగాగానీ ఉండాలన్న నిబంధన పెట్టారు. ఆ రుణాల రాయితీ 2022లో ముగిసింది. 2024లో పథకం రెండో విడతతో వడ్డీ రాయితీ మళ్లీ వచ్చింది. అయితే, ఆమె పేరు మీదికి వచ్చే ఇల్లు ఎలాంటి ఇల్లు? కప్పు కారుతుందా, గోడ బీటలు వారిందా అన్నది చూసేదెవరు, చూసి ఎవరికి చెబుతారు? ఈ ప్రశ్న మన సమావేశాల్లో దాదాపుగా రాలేదు. అమెరికాలో ఇది నల్లజాతి స్త్రీల బతుకుల మీదుగా వచ్చింది. ఆ చరిత్రను మనం ఒకసారి చదవాలి.

అక్కడ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థ 1934లో ఏర్పడింది. అది అప్పు ఇవ్వదు. బ్యాంకులు ఇచ్చిన గృహరుణాలకు బీమా చేస్తుంది. కొన్నవాళ్లు కట్టలేకపోతే బ్యాంకు నష్టాన్ని తాను భరిస్తుంది. అందుచేత బీమాకు ముందు ఒక మదింపుదారు ఇల్లు చూసి, విలువ కట్టి, ఇంటి స్థితి మీద రిపోర్టు రాయాలి. ఇప్పుడు అమల్లో ఉన్న కనీస షరతులు చదివితే బాగానే ఉంటాయి. కప్పు కనీసం మరో రెండేళ్లు నిలవాలి. నీళ్లు, కరెంటు, మురుగు పోయే దారి సరిగా ఉండాలి. 1978కి ముందు కట్టిన ఇంట్లో రంగు పెచ్చులుగా ఊడుతుంటే, అందులో సీసం ఉన్నట్టే భావించి బాగు చేయించాలి. ఆ పెచ్చులు నోట్లో పెట్టుకునేది పాకే పిల్లలు కాబట్టి ఈ షరతును తక్కువగా చూడలేం.

మొదటి మూడు దశాబ్దాలూ ఈ సంస్థ నల్లవాళ్ల వాడలను రుణానికి పనికిరానివిగా లెక్కగట్టింది. అక్కడ ఇల్లు ఎంత గట్టిదైనా లాభం లేదు. స్త్రీల విషయంలో వివక్ష ఇంకో రూపంలో ఉండేది. 1970ల మొదట్లో కూడా, భార్య జీతాన్ని ఆదాయంలో కలపాలంటే ఆమెకు పిల్లలు పుట్టరనో, కుటుంబ నియంత్రణ పాటిస్తోందనో డాక్టరు చేత రాయించిన ఉత్తరం తెమ్మనేవారు. ఇంటి పునాదికంటే ముందు ఆమె గర్భాశయాన్ని తనిఖీ చేశారన్నమాట!

నగరాల్లో నల్లవాళ్ల తిరుగుబాట్ల తర్వాత 1968లో కొత్త గృహనిర్మాణ చట్టం వచ్చింది. దానిలోని 235వ సెక్షన్ కింద పేదలు నామమాత్రపు సొమ్ము ముందు చెల్లించి ఇల్లు కొనుక్కోవచ్చు. వడ్డీలో చాలా భాగం ప్రభుత్వమే కడుతుంది. పాత వాడల్లోని ఇళ్లకు షరతులు సడలించారు. ఇన్నాళ్లూ మూసిన తలుపు తెరుచుకుంది. అయితే తెరిచిన తలుపు దగ్గర కాచుకుని ఉన్నది రియల్ ఎస్టేటు వ్యాపారులు. శిథిలమైన ఇళ్లను చౌకగా కొని, పైపైన సున్నం కొట్టి, కొన్న ధరకు ఎన్నో రెట్లు రాయించుకున్నారు. చాలాచోట్ల మదింపుదారులు లంచాలు తిని సంతకాలు పెట్టారు. కొన్న కుటుంబాలు ఇంట్లో దిగిన కొద్ది రోజులకే పైపులు పగిలి, కప్పులు కారి, వైర్లు మాడాయి.

కొన్నవాళ్లలో చాలామంది ప్రభుత్వ సహాయం మీద పిల్లల్ని పెంచుకుంటున్న ఒంటరి నల్లజాతి తల్లులు. ఇది యాదృచ్ఛికం కాదు. కియాంగా-యమాట్టా టేలర్ 2019లో ప్రచురించిన ‘రేస్ ఫర్ ప్రాఫిట్’ పుస్తకంలో దీన్ని వివరంగా చర్చించారు. వాళ్లు వాయిదాలు కట్టలేకపోయే అవకాశం ఎక్కువ కాబట్టే రుణ వ్యాపారులు వాళ్లను వెతుక్కున్నారు. ఎగవేత జరిగితే బ్యాంకుకు బీమా డబ్బు మొత్తం వస్తుంది. ఇల్లు మళ్లీ అమ్మకానికి వస్తుంది. వీధిన పడేది ఆ తల్లీ పిల్లలే. పేదరాలి అసహాయత వ్యాపారానికి పెట్టుబడి అయింది. మనం సూక్ష్మరుణాల విషయంలో చూసిన లెక్కకు ఇదేమీ దూరం కాదు.

పార్లమెంటరీ విచారణ తర్వాత 1971 జనవరిలో గృహనిర్మాణ శాఖ కార్యదర్శి జార్జ్ రోమ్నీ పాత ఇళ్లకు ఈ పథకాన్ని తాత్కాలికంగా ఆపారు. 1973లో నిక్సన్ ప్రభుత్వం సబ్సిడీ గృహ పథకాలన్నిటినీ నిలిపివేసింది. ఈ మధ్యలో నడిచిన ప్రచారం ఏమిటంటే, ఆ స్త్రీలకు ఇల్లు చూసుకోవడం తెలియదు, సంసారం నడపడం రాదు అని. ముందే కుళ్లిన దూలాన్ని ఏ ఇల్లాలు చీపురుతో బాగుచేస్తుంది? ప్రభుత్వ ముద్ర చూసి నమ్మడమే వాళ్లు చేసిన తప్పయితే, ఆ ముద్ర దేనికి?

దీనికి జవాబు అంతకుముందే ఉంది. వర్జీనియాలో ఒక కుటుంబం ఆ సంస్థ మదింపును నమ్మి ఇల్లు కొంటే తర్వాత గోడలు బీటలు వారాయి. మదింపు నిర్లక్ష్యంగా చేశారని ప్రభుత్వం మీద దావా వేశారు. 1961లో సుప్రీంకోర్టు ఆ దావా చెల్లదంది. మదింపు ముఖ్యంగా ప్రభుత్వాన్నీ, బీమా నిధినీ కాపాడటానికేనని అభిప్రాయపడింది. ఇప్పటికీ ఆ సంస్థ కొనుగోలుదారు చేతికి ఒక కాగితం ఇచ్చి, ఇంటి స్థితికి మాది హామీ కాదు, వేరే తనిఖీ మీరే చేయించుకోండి అని చెబుతుంది. మదింపు రుసుము కట్టేది మాత్రం ఆమే.

షరతులు కఠినం చేస్తే సరిపోతుందా? నాకు అంత నమ్మకం లేదు. మరమ్మతుల గొడవ ఎందుకని ఈ రుణంతో వచ్చేవాళ్లకు అమ్మడానికే ఇష్టపడని వాళ్లు అక్కడ ఉన్నారు. అప్పుడు పేద కొనుగోలుదారుకు మంచి ఇల్లు కూడా దొరకదు. చిల్లర లోపాల విషయంలో 2005లో కొంత సడలించారు. మొదటి తప్పు మళ్లీ జరగకుండా, రెండో తప్పు చేయకుండా నడవడం తేలిక కాదు.

కానీ ఒకటి మారింది. మహిళా ఉద్యమం ఒత్తిడితో 1974లో వచ్చిన సమాన రుణ అవకాశ చట్టం, అప్పు ఇవ్వడంలో లింగ వివక్షను, వైవాహిక స్థితిని బట్టి చూపే వివక్షను నిషేధించింది. అడిగితే మదింపు నకలు ఇవ్వాలన్న హక్కు 1991లో అదే చట్టంలో చేరింది. 2014 జనవరి నుంచి అడగకపోయినా, ఇంటిని మొదటి తనఖా పెట్టుకునే రుణాల్లో, ఉచితంగా నకలు ఇవ్వాలి. స్త్రీలు తమ జీతాన్ని జీతంగా లెక్కించమని సాధించుకున్న చట్టమే ఇవాళ అందరి చేతికీ ఆ రిపోర్టును ఇస్తోంది.

మన దగ్గర బ్యాంకు పంపిన ఇంజనీరు వస్తాడు, కొలుస్తాడు, ఫొటోలు తీసుకుని వెళ్తాడు. ఆయనకు టీ ఇచ్చేది ఆమె, ఫీజు పోయేది ఆమె ఖాతా నుంచి. ఆయన ఏం రాశాడో చదివిన స్త్రీలు నాకు పెద్దగా తారసపడలేదు. స్లాబు నెమ్మెక్కిందని అందులో ఉంటే ధర తగ్గించమని ఆమె అమ్మేవాణ్ని అడగగలదు. కొనకుండా తప్పుకోనూ గలదు. తెలియకపోతే ఇరవై ఏళ్లు వాయిదాలు కడుతుంది.

గృహరుణానికి దరఖాస్తు పెట్టుకున్న స్త్రీలతో పనిచేస్తున్న సంఘాలు ఈ మూడు నెలల్లో ఒక పని చేయాలని మా విజ్ఞప్తి. వాల్యుయేషన్ రిపోర్టు నకలు కావాలని వాళ్ల చేత బ్యాంకుకు రాతపూర్వకంగా అడిగించండి. ప్రభుత్వరంగ బ్యాంకు అయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కూడా దరఖాస్తు పెట్టించండి. ఇచ్చినా, ఇవ్వమన్నా, ఆ జవాబును తేదీతో సహా మాకు పంపండి. వచ్చే సంచికలో వాటిని ఒకచోట చేర్చి, బ్యాంకుల ముందుకూ, గృహనిర్మాణ శాఖ ముందుకూ తీసుకువెళ్దాం.